అంగ్‌కోర్ గోడలకు మనం ఏం పూశామో చెప్పండి: ఒక బహిరంగ లేఖ

విదేశాల్లోని ప్రాచీన ఆలయాల పరిరక్షణ పనులు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారులకు, పురావస్తు రసాయన నిపుణులకు,

నమస్కారం.

కంబోడియాలో, లావోస్‌లో, వియత్నాంలో శిథిలమవుతున్న గుళ్లను నిలబెట్టడానికి మన దేశం డబ్బు పెడుతోంది, మనుషుల్ని పంపుతోంది. పన్ను కట్టే పౌరుడిగా నాకు అందులో అభ్యంతరం లేదు, సంతోషమే. ఇక అసలు విషయానికి వస్తాను. 1986–93 మధ్య మన పురావస్తు బృందాలు కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్లలో ఒకటైన అంగ్‌కోర్ వాట్ గోడలకు ఏ రసాయనాలు, ఎక్కడెక్కడ పూశాయి? ఈ ప్రశ్నను ఇంతకుముందే ఒక కార్యాలయానికి రాసి పంపాను. తర్వాత మళ్లీ గుర్తు చేశాను. ఉత్తరం అందిందన్న మాట కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని. శాసనాలు చదవలేను, కంబోడియావాళ్ల ఖ్మేర్ భాష రాదు. కానీ రాయిలోకి నీరు వెళ్తే, ఆ నీటి వెంట ఉప్పు వెళ్తే ఏమవుతుందో తెలుసు. అంగ్‌కోర్ గోడల మీద జరుగుతున్నది చాలావరకు అదే.

అక్కడ గుడి నిలబడుతోంది, గుడి మీద చెక్కిన బొమ్మ రాలిపోతోంది. పడిపోయిన రాళ్లెత్తి మండపం నిలబెడితే ఫోటోలు వస్తాయి, ప్రారంభోత్సవం జరుగుతుంది. ఒక దేవత చెక్కిలి మీద పెచ్చు ఊడకుండా ఆపితే ఎవరికీ కనిపించదు. మన శ్రద్ధ ఎక్కువగా మొదటి పనికే పోతోందని నా ఫిర్యాదు. దాంతోపాటు, ఒకప్పుడు ఆ గోడల మీద మనమే చేసిన పనికి పూర్తి లెక్క ఇప్పుడైనా బయటపెట్టాలని నా కోరిక.

ముందు రాయి సంగతి చెప్పుకుందాం. రామప్ప గుడి చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ గోడలు ఎర్ర ఇసుకరాయి. చూరు కింద నిలబడ్డ మదనికలు మాత్రం నల్లరాయి. ఎనిమిది వందల ఏళ్లు దాటినా మదనికల ఒంటి నునుపు పోలేదంటే శిల్పి చేతి గొప్పతనం ఒక్కటే చాలదు, ఆ రాయి కూడా అంత గట్టిది. ఖ్మేర్ శిల్పులకు ఆ వెసులుబాటు లేకపోయింది. కూలెన్ కొండల దిగువన తవ్విన ఇసుకరాయితోనే గోడ కట్టారు, ఆ గోడ మీదే ఉలి పెట్టారు.

12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ కట్టించిన అంగ్‌కోర్ వాట్‌లో మనకు తెలిసిన కథలన్నీ ఆ రాతి మీదే ఉన్నాయి. అంపశయ్య మీద భీష్ముడున్నాడు. లంకా యుద్ధంలో వానరులున్నారు. తూర్పు వైపు నడవాలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. వీటికి తోడు గోడల నిండా సుమారు 1,850 మంది దేవతా స్త్రీలు. ఏ ఇద్దరి తలకట్టూ ఒకేలా ఉన్నట్టు అనిపించదు.

ఈ బూడిద, పసుపు రంగుల ఇసుకరాయిలో కొంత బంకమట్టి ఖనిజం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. మే నుంచి అక్టోబరు దాకా వాన, ఆ తర్వాత మండే ఎండ. ఏటా ఇదే వరస. పైగా ఇసుకరాయి పొరలు పొరలుగా ఏర్పడుతుంది. క్వారీలో ఆ పొరలు అడ్డంగా పడుకుని ఉంటాయి. స్తంభానికి పొడవాటి రాయి కావాలి కాబట్టి రాయిని నిలబెట్టారు, దాంతో పొరలు కూడా నిలువుగా వచ్చాయి. అలా నిలబడిన పొర పైనున్న బరువుకు, లోపలి చెమ్మకు మెల్లగా విడిపోతుంది. బయటికి బొమ్మ చక్కగానే ఉంటుంది. నిపుణుడు వేలి కణుపుతో మెల్లగా తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది (టూరిస్టులు ఈ పరీక్ష చేయకండి, దండం పెడతాను). ఏదో ఒక రోజు ముఖం మొత్తం ఒకే పెచ్చుగా కిందపడుతుంది. రాయి పడితే ఎత్తి పెట్టొచ్చు. పొడి అయిన ముఖాన్ని ఏ ఇంజినీరూ ఎత్తి పెట్టలేడు.

గబ్బిలాల సంగతి వేరే చెప్పాలి. కప్పు కింద వేలాడే గబ్బిలాల రెట్టలో గంధకం, భాస్వరం, నత్రజని ఉంటాయి. అవి నీటిలో కరిగి రాతిలోకి ఇంకుతాయి. స్తంభం అడుగు నుంచి చెమ్మ పైకి ఎక్కి, ఆరిపోయే చోట జిప్సం లాంటి లవణాలు స్ఫటికాలు కడతాయి. ఆ స్ఫటికాలు పెరిగే ఒత్తిడికి ఇసుక రేణువులు విడిపోతాయి. చాలా గుళ్లలో స్తంభాల అడుగు భాగం సన్నబడి కనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు ఏళ్ల కిందటే చూపించారు.

ఇక్కడ టూరిజం బ్రోచర్ల మీద ఒక మాట. 967లో ప్రతిష్ఠ జరిగిన బాంతే స్రే గుడిలో, కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడి పది తలలూ ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఫోటో వేసి 'వెయ్యేళ్లయినా చెక్కుచెదరలేదు' అని రాస్తారు. ఆ గుడిది క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న గట్టి ఎర్ర ఇసుకరాయి. అంగ్‌కోర్ వాట్‌ది, అక్కడి మరో గుడి బయోన్‌ది ఆ రాయి కాదు. ఒక గుడి బాగుందని అన్నీ బాగున్నట్టు కాదు.

1995లో జర్మనీ నుంచి వచ్చిన ఒక బృందం అంగ్‌కోర్ వాట్ దేవతలను ఒక్కొక్కరినీ పరిశీలించి రికార్డు చేసింది. ఉన్న 1,850లో దాదాపు 360 బొమ్మలు తీవ్ర ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. ఊడిపోబోతున్న పెచ్చుల వెనక సన్నని సూదులతో సున్నితమైన మోర్టార్ ఎక్కించడం, పొడిబారిన రాతిని సిలిసిక్ ఆమ్ల ఎస్టర్‌తో గట్టిపరచడం, తడి గుజ్జు పట్టించి ఉప్పు లాగడం లాంటి పనులు మొదలుపెట్టింది. కంబోడియా యువకులకు ఆ పని నేర్పింది. ఒక్క బొమ్మ మీద వారాల తరబడి కూర్చోవాల్సిన పని ఇది. రిబ్బన్ కత్తిరించడానికి ఇందులో ఏమీ ఉండదు.

ఇప్పుడు మన సంగతి.

1986 నుంచి 1993 వరకు అంగ్‌కోర్ వాట్‌లో భారత పురావస్తు సర్వేక్షణ బృందాలు పనిచేశాయి. ఆ రోజులు ఎలాంటివో ముందు గుర్తు చేసుకోవాలి. ఖ్మేర్ రూజ్ అనే తీవ్ర కమ్యూనిస్టుల నాయకుడు పోల్ పాట్ పాలన కూలిపోయాక ఏర్పడిన ప్రభుత్వాన్ని చాలా దేశాలు గుర్తించలేదు. మనం 1980లోనే గుర్తించాం. చుట్టూ మందుపాతరలు, అడవుల్లో ఖ్మేర్ రూజ్ సాయుధులు. అలాంటి చోటికి వెళ్లి పనిచేసినవాళ్ల ధైర్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ కష్టకాలంలో ఆ గుడికి దిక్కయినది మనవాళ్లే.

కానీ చేసిన పని గురించి కూడా మాట్లాడుకోవాలి. అమ్మోనియా కలిపిన నీళ్లతో, డిటర్జెంట్‌తో రుద్ది నాచు, రాతి మీద మచ్చల్లా పెరిగే లైకెన్ తీశారు. మళ్లీ మొలవకుండా జింక్ సిలికోఫ్లోరైడ్ వాడారు. ఆపైన రాతికి రక్షణగా పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్ జాతి పూత వేశారు. బ్రష్షులు పట్టినవాళ్లలో చాలామంది శిక్షణ లేని స్థానిక కూలీలు. రాతి పైపొర అరిగిపోయిందని విదేశీ నిపుణులు విమర్శించారు. ఇవి అప్పటికి అందరూ వాడే పద్ధతులేనని మనవాళ్లు జవాబిచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆ వాదన అక్కడే ఆగిపోయింది.

నాకు ఆ వాదనలో గెలుపోటములతో పనిలేదు. నా ప్రశ్న ఇవాళ్టిది. చెమ్మ ఉన్న గోడకు ఆయిల్ పెయింట్ వేస్తే ఏమవుతుందో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు: మొదటి ఏడాది నిగనిగ, రెండో వానాకాలానికి బుడగలు, ఆ తర్వాత పెయింటుతో పాటు ప్లాస్టరింగ్ కూడా ఊడొస్తుంది. రాతి రంధ్రాలు పైన మూసుకుపోతే లోపలి తేమ, ఉప్పు ఆ పూత వెనకే చేరే ప్రమాదం ఉంటుంది. అంగ్‌కోర్ వాట్‌లో అన్నిచోట్లా ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. కొన్నిచోట్ల ఆ పూత ఎప్పుడో ఎండకు, వానకు పోయి ఉండొచ్చు. జరిగిందో లేదో తేల్చాలంటే ఏ గోడకు, ఏ ఏడాది, ఏ గాఢతలో, ఎన్నిసార్లు పూశారో తెలియాలి. ఇప్పుడు ఆ రాతి మీద పనిచేసే కంబోడియా కన్జర్వేటర్‌కు అది రోగి పాత ప్రిస్క్రిప్షన్ లాంటి అవసరం. లేకపోతే చీకట్లో మందు వేసినట్టే.

దీని వల్ల మామూలు మనుషులకు వచ్చే నష్టమేమిటని అడగవచ్చు.

1. అంగ్‌కోర్ పక్కనున్న సియమ్ రీప్ ఊరు బతికేది ఈ గుళ్ల మీద. 2019లో దాదాపు 22 లక్షల మంది విదేశీయులు టికెట్ కొన్నారు. 2017 ఫిబ్రవరి నుంచి ఒకరోజు టికెట్ 37 డాలర్లు. అందులో 2 డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. కోవిడ్ కాలంలో విమానాలు ఆగిపోయినప్పుడు టుక్‌టుక్ డ్రైవర్లు, గైడ్లు, హోటళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఊళ్లకు తిరిగి వెళ్లి పొలం పనులు వెతుక్కున్నారు. ఒక దేవత ముఖం రాలిందని టూరిస్టులు రావడం మానరు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రాళ్లు ప్రమాదకరంగా మారి ఒక్కో నడవా తాళ్లు కట్టి మూసేస్తూ పోతే, చూపించడానికి తక్కువై, ఉన్నచోటే జనం ఎక్కువై, అక్కడ అరుగుదల ఇంకా పెరుగుతుంది.

2. 1975–79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలనలో కంబోడియా నాట్యకారుల్లో అత్యధికులు చనిపోయారు. మిగిలిన కొద్దిమంది జ్ఞాపకం నుంచి ఆ నాట్యాన్ని మళ్లీ బతికించారు. ఇవాళ ప్రపంచమంతా చూసే అప్సరా నాట్యం 20వ శతాబ్దంలో రాణి కొస్సమాక్ ఆధ్వర్యంలో ఈ గోడల మీది బొమ్మల స్ఫూర్తితోనే రూపుదిద్దుకుంది. కిరీటం, కట్టుకున్న చీర కుచ్చు, వేళ్ల వంపు, అన్నీ అక్కడివే. 1920ల్లో సఫో మార్షాల్ అనే యువతి ఈ దేవతల తలకట్లు, నగలు, బట్టలు ఓపిగ్గా గీసి పెట్టింది కాబట్టి ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారమైనా ఉంది. గురువు పోయినా గోడ ఉందనుకునే పిల్లలకు ఆ గోడ కూడా పోతే ఎలా?

3. అది మ్యూజియం కాదు, పూజలు జరిగే చోటు. అంగ్‌కోర్ వాట్ పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణువును స్థానికులు 'తా రీచ్' అని కొలుస్తారు, మొక్కులు మొక్కుతారు. వాళ్లను అడగకుండా ఏ పూతా వేయకూడదు.

4. ఇది అందరికంటే పేదవాళ్ల విషయం. ఈ గుళ్లన్నీ ఉన్న అంగ్‌కోర్ పార్కు హద్దుల్లో వందకు పైగా గ్రామాలున్నాయి. పరిరక్షణ పేరుతో 2022 నుంచి వేల కుటుంబాలను రున్ తా ఎక్ లాంటి చోట్లకు తరలించారు. ప్రభుత్వం వాళ్లే ఇష్టపడి వెళ్లారంటోంది. ఇవి బలవంతపు ఖాళీ చేయింపులేనని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో నివేదిక ఇచ్చింది. గుడి ముందు కొబ్బరిబొండాలు అమ్ముకునే ఆవిడ గుడిసె వల్ల రాతి బొమ్మ పెచ్చు ఊడదు. ఊడగొట్టేవి కారే కప్పు, పూడిన కాలువ, గబ్బిలాల రెట్ట. అసలు కారణాన్ని వదిలేసి మనుషుల్ని కదిలించే పనికి 'వారసత్వ రక్షణ' అన్న మాట వాడుకోనివ్వకూడదు. అక్కడ సహాయం చేస్తున్న దేశంగా మనం ఈ మాట గట్టిగా చెప్పొచ్చు.

ఇక నా డిమాండ్లు.

1. 1986–93 నాటి పని రికార్డులన్నీ బయటపెట్టండి. వార్షిక నివేదికల్లో ముక్కలు ముక్కలుగా ఉన్న సారాంశాలు చాలవు. గోడ వారీగా, గది వారీగా వాడిన రసాయనం, గాఢత, తేదీ, ముందూ వెనకా తీసిన ఫోటోలు కావాలి. అప్పటి సైట్ రిజిస్టర్లు, నెగటివ్‌లు ఎక్కడున్నా వెతికి స్కాన్ చేయండి. కంబోడియాలో ఈ గుళ్ల బాధ్యత చూసే అప్సరా అథారిటీకి ఒక ప్రతి, జనానికి ఒక ప్రతి. అప్పుడు పనిచేసిన రసాయన నిపుణుల్లో మన మధ్య ఇంకా ఉన్నవాళ్లతో మాట్లాడి రాసుకోండి, ఆలస్యమైతే ఆ అవకాశమూ ఉండదు. తప్పు వెతకడానికి అడగడం లేదని మరోసారి చెబుతున్నాను. ఫ్రెంచివాళ్ల అనుభవం చూడండి: అంగ్‌కోర్‌లోనే బఫూవాన్ గుడిని బాగుచేయడానికి విప్పి 3 లక్షల రాళ్లు పక్కన పేర్చారు, యుద్ధంలో ఆ ప్లాన్లు పోయాయి. 1995లో మళ్లీ మొదలుపెట్టి 2011 దాకా ఆ రాళ్ల జాడలు కలుపుతూ కూర్చోవాల్సి వచ్చింది. కాగితం పోతే రాతికి ఎంత కష్టమో అక్కడ అందరికీ తెలిసింది.

2. ముందు నీళ్లు ఆపండి, తర్వాతే బొమ్మను ముట్టుకోండి. క్షీరసాగర మథనం నడవాలో పాత మరమ్మతుల తర్వాత కూడా కప్పు కారి, ఉప్పు దిగి శిల్పం దెబ్బతింటుంటే పాత కట్టడాలను కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ కప్పును విప్పి సరిచేసింది. 2012లో ఆ పని పూర్తయింది. అక్కడ శిల్పాన్ని కాపాడిన పని కప్పు మీద జరిగింది. గబ్బిలాలను చంపమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి. అవి పొలాల్లో పురుగులను తింటాయి. కంబోడియా రైతులు తాటాకులు కట్టి గబ్బిలాలకు చోటు కల్పించి, రాలిన రెట్టను ఎరువుగా అమ్ముకుంటారు. గుళ్లకు దూరంగా అలాంటి చోట్లు పెంచితే ఫలితం ఉంటుందేమో ఆ ఊరి రైతులతో కలిసి ప్రయత్నించి చూడాలి.

3. అందం కోసం కడగడం మానండి. నల్లగా ఉన్న రాయి పాడైనట్టు కాదు, తెల్లగా ఉన్న రాయి బాగున్నట్టూ కాదు. చెట్ల విషయంలో కూడా ఇలాగే జరిగింది. తా కేవ్ గుడి పాత ఫోటోలను ఇప్పటి స్థితితో పోల్చి చూసిన ఫ్రెంచి పరిశోధకులు, చుట్టూ అడవి కొట్టేశాక రాతి క్షయం తగ్గకపోగా పెరిగిందని గమనించారు. నీడ పోయింది, ఎండ, వాన నేరుగా తగిలాయి. మనం మంచిదనుకున్నది ప్రతిదీ మంచిది కాదు. అందుకే ఏ రసాయనమైనా ముందు చెక్కడం లేని రాతి మీద పరీక్షించి, కొన్ని వానాకాలాలు ఆగి చూసి, ఫలితం ప్రకటించాకే శిల్పం మీదికి తేవాలి. ఒకసారి లోపలికి ఇంకిన మందును మళ్లీ బయటికి లాగలేం.

4. ప్రతి ప్రాజెక్టు నిధుల్లో శిల్పాల పైపొరకు విడిగా వాటా పెట్టండి. ప్రారంభోత్సవం అయ్యాక కూడా ఏటా వెళ్లి చూసే ఖర్చు అందులోనే ఉండాలి. అంగ్‌కోర్‌లోని తా ప్రోమ్ గుడిలో మనవాళ్లు నిలబెట్టిన నాట్యమండపాన్ని 2022 నవంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి ప్రారంభించారు. చక్కటి పని. ఆ మండపం మీది నర్తకి బొమ్మల స్థితి అప్పటికీ ఇప్పటికీ ఎలా మారిందో ఏటా ఫోటోలతో ఒక పేజీ నివేదిక ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

5. కంబోడియా పనివాళ్లకు మన దేశంలో రాతి రసాయన పరిరక్షణలో శిక్షణ, స్కాలర్‌షిప్ ఇవ్వండి. విదేశీయులకు మన దేశం శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం ఉండనే ఉంది. మన బృందం వెనక్కి వచ్చాక ఆ గోడల దగ్గర ఉండేది వాళ్లే.

6. కంబోడియా–థాయ్‌లాండ్ సరిహద్దులోని ప్రీహ్ విహార్ గుడి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సమన్వయ కమిటీకి మనం చైనాతో కలిసి సహాధ్యక్షులం. 2025లో థాయ్‌లాండ్‌తో జరిగిన సరిహద్దు పోరులో గుడికి నష్టం జరిగిందని కంబోడియా ప్రకటించింది. లోపలికి వెళ్లడానికి వీలైన మొదటి రోజునే ప్రతి చెక్కడం ఫోటో, కొలత తీయించే బాధ్యత తీసుకోండి. పగిలిన రాతిలోకి ఒక వానాకాలం నీరు దిగితే తర్వాత ఎవరు ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాదు.

హైదరాబాద్, విజయవాడల నుంచి గ్రూపులను తీసుకెళ్లే టూర్ ఆపరేటర్లకు కూడా ఒక మాట చెప్పాలి. దేవతల ఛాతీలు చేతులు తగిలి తగిలి నిగనిగలాడుతుంటాయి. ఆ నిగనిగ అరుగుదలే. బస్సులోనే చెప్పండి, ముట్టుకుని ఫోటో దిగొద్దని. మనవాళ్లు గుడికి వెళ్లి విగ్రహాన్ని తాకి కళ్లకు అద్దుకోవడం అలవాటు. భక్తి అర్థం చేసుకోగలను, కానీ దూరం నుంచి దండం పెట్టినా పుణ్యం తగ్గదు.

అధికారులకు చివరగా. ఆరు డిమాండ్లకూ ఒకేసారి జవాబు రాదని నాకు తెలుసు. మొదటిదానికి మాత్రం ఈ లేఖ వెలువడిన రెండు నెలల్లో జవాబు కావాలి: రికార్డులు ఎక్కడున్నాయి, ఎవరి దగ్గరున్నాయి, ఎప్పటిలోగా బయటపెడతారు. రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాను. చదివేవాళ్లలో ఎవరైనా చేయొచ్చు, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు. అడగాల్సింది ఇంతే: 1986–93 మధ్య అంగ్‌కోర్ వాట్‌లో వాడిన రసాయనాల గోడ వారీ జాబితా, సైట్ రిజిస్టర్ల నకళ్లు, అప్పటి ఫోటోల జాబితా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్